నిద్రలో తెరుచుకోని పెట్టె

ఫిబ్రవరి 4, సోమవారం. ఉదయం ఆరు.

పిస్టల్ ఫ్రిజ్‌లో కూరగాయల అరలో దొరికింది. సెలరీ ఆకుకూర కట్ట పక్కన. చల్లగా ఉంది. తూటాలన్నీ అందులోనే ఉన్నాయి.

నా మంచం పక్క సొరుగులో ఉండవలసిన వస్తువు అక్కడికి ఎలా చేరిందన్న విషయంపై ఇంట్లో రెండు వాదనలున్నాయి. మొదటిది నాది: తెలియదు. రెండవది నా భార్య రోండాది. ఆమె కథనం ప్రకారం, రాత్రి నేను నిద్రలోనే లేచి, పిస్టల్ తీసుకుని, వంటింట్లోకి నడిచి, ఫ్రిజ్ తలుపు తెరిచి, లోపల వెలిగిన దీపాన్ని చూసి, చేతులు పైకెత్తి బయటికి రమ్మని ఆజ్ఞాపించాను. ఫ్రిజ్ లొంగలేదు. ఆయుధాన్ని అరలో ఉంచి, మయొనీజ్ సీసాకు గుడ్ నైట్ చెప్పి, వచ్చి పడుకున్నాను.

సాక్షి ఒక్కతే. పైగా నా భార్య. అయినా సెలరీని ఖండించడం కష్టం.

అదే రోజు, సాయంత్రం.

రోండా తన తలగడ తీసుకుని కుట్టుమిషను గదిలోకి మారింది. ఆమె గాల్ బ్లాడర్ ఆపరేషన్ రోజులను మినహాయిస్తే, పెళ్లయ్యాక మా తలగడలు వేరు వేరు గదుల్లో ఉండడం ఇదే మొదటిసారి. పిస్టల్ ఆమె కారు డిక్కీలో ఉంది. డిక్కీ తాళం ఆమె మెడలో ఉంది.

ఫిబ్రవరి 5, మంగళవారం.

చర్చలు జరిగాయి. కుట్టుగది తలుపు మూసి ఉన్నందున అవి తలుపు ద్వారానే జరిగాయి.

పిస్టల్‌ను హాలు అల్మరాలో పెట్టి తాళం వేద్దామని నేను ప్రతిపాదించాను. రోండా తిరస్కరించింది. మనం ఉంటున్నది కంకర రోడ్డు చివర, షెరిఫ్ మనిషిని పిలిస్తే వాడు వచ్చేలోగా కాఫీ కాచి, తాగి, కప్పు కడిగి పెట్టుకోవచ్చు, మొన్న శరదృతువులో ఆ మలుపులో ఉన్న ఇంట్లోకి ఎవరో జొరబడి మనుషులు ఇంట్లో ఉండగానే సొరుగులు వెతికారు కదా, తుపాకీ మంచం పక్కనే ఉండాలి, అంది. అయితే సొరుగులో కాదు. చప్పున తెరుచుకునే ఉక్కు పెట్టెలో.

అలాగే కొందాం, అన్నాను. అప్పుడు షరతు చెప్పింది. ఆ పెట్టె మెలకువగా ఉన్న మనిషికి కళ్లు నులుముకునేలోగా తెరుచుకోవాలి. నిద్రలో ఉన్న మనిషికి తెల్లారినా తెరుచుకోకూడదు. అటువంటి పెట్టె ఇంటికి వచ్చిన రోజున తలగడ తిరిగి వస్తుంది. అంతవరకు రాదు.

ఇంత అపనమ్మకం దేనికి, నా మీద ప్రేమ లేదా, అని అడిగాను.

"ప్రేమ సంగతి తర్వాత చూద్దాం, డ్వైట్ ఎర్ల్. రేపు నిద్రలో నువ్వు నన్ను చూసి ఫ్రిజ్ అనుకోవని హామీ ఏది?"

ఆమె నా రెండు పేర్లూ కలిపి పిలిచిందంటే ఇక అప్పీలు లేదు.

నేను గ్రామీణ నీటి సరఫరా సంఘానికి చాలాకాలంగా కార్యదర్శిని. ఏ సమస్యనైనా ఒక పద్ధతి ప్రకారం పరిష్కరించవచ్చునని నా అనుభవం. కనుక పడకగది భద్రతా ఉపసంఘాన్ని ఏర్పాటు చేశాను. అధ్యక్షుడు నేను. సభ్యురాలు రోండా, ఆమె తలుపు తీసినప్పుడు.

ఫిబ్రవరి 6, బుధవారం.

చర్చిలో ప్రార్థన కూటం. మా పాస్టర్ బ్రదర్ గ్యారీ మామూలుగానే ప్రార్థన విన్నపాలు అడిగాడు. ఒకరి మోకాలు. ఒకరి మేనల్లుడి ఉద్యోగం. ఒకరి ఆవు.

రోండా చేయెత్తింది. "చెప్పనిది," అంది.

మా బాప్టిస్టుల్లో ఇది అనాదిగా ఉన్న ఏర్పాటు. కష్టం ఉంది గాని నోటితో చెప్పలేనివాళ్లు ఈ ఒక్క మాట అని కూర్చోవచ్చు. ఎవరూ ఏమీ అడగకూడదు. అందరూ దాని కోసం ప్రార్థిస్తారు. ఆ తర్వాత పార్కింగ్ స్థలంలో నిలబడి అందరూ దాన్ని ఊహిస్తారు.

ముందు వరసలోని వాండా క్రౌచ్ వెనక్కి తిరిగి రోండాను చూడలేదు. నన్ను చూసింది. నేను పాటల పుస్తకంలో విషయసూచికను శ్రద్ధగా చదివాను.

ఫిబ్రవరి 7, గురువారం.

వంటకాలు రావడం మొదలైంది.

మా ఊళ్లో గుమ్మంలోకి వచ్చిన గిన్నెను చూసి ఇంట్లోని కష్టమేమిటో చెప్పవచ్చు. చావుకు వేయించిన కోడి. ఆపరేషన్‌కు చికెన్ స్పగెట్టీ. వాండా క్రౌచ్ అరటిపండు పుడ్డింగ్ తెచ్చింది. అరటిపండు పుడ్డింగ్ అంటే కాపురం చెడింది.

గిన్నె రోండా చేతికిచ్చి, ఇందులో నీ వాటా నువ్వే తిను తల్లీ, ఆయనకు పెట్టకు, అని చెప్పి వెళ్లిందట.

పుడ్డింగ్ బాగుంది. నాకు మిగిలిన గరిటెడును బట్టి చెబుతున్నాను.

ఫిబ్రవరి 9, శనివారం.

లైల్ హడ్స్‌పెత్ దుకాణం సందర్శించాను. లైల్ ముందు గదిలో చేపల ఎర, వెనక గదిలో తుపాకులు అమ్ముతాడు. ఉప్పు బిస్కట్లు రెండు గదుల్లోనూ దొరుకుతాయి.

పెట్టెల్లో రకాలు చూపించాడు. వేలిముద్ర చదివేవి. అంకెల మీటలు నొక్కేవి. చేతికి తొడిగిన పట్టీ దగ్గరకు రాగానే తెరుచుకునేవి. తెరుచుకునేటప్పుడు కూత పెట్టేదాన్ని కొనవద్దన్నాడు. దొంగకు మనం లేచిన సంగతి కబురు పెట్టినట్టవుతుందట. ఒక చౌకరకం పెట్టెను నా ఎదుటే మోకాలెత్తు నుంచి నేల మీద పడేశాడు. అది దానంతట అదే నోరు తెరిచింది. లైల్ దాన్ని విచారంగా చూసి, దుమ్ము తుడిచి, ప్రత్యేక తగ్గింపు అని చీటీ అంటించి, మళ్లీ అరలో పెట్టాడు.

నా షరతు చెప్పాను. ఒక మిత్రుడి కోసమని చెప్పాను. నిద్రలో ఉన్నవాడికి తెరుచుకోకూడదు.

లైల్ నోట్లోని పంటి పుల్లను ఈ చివర నుంచి ఆ చివరకు మార్చాడు. దొంగకు తెరుచుకోనివి ఉన్నాయి బ్రదర్ డ్వైట్, పిల్లకాయలకు తెరుచుకోనివి ఉన్నాయి, మా ఆవిడ అన్నకు తెరుచుకోనిది కూడా ఒకటి ఉంది, కాని నిద్రపోయేవాడు మేలుకున్నవాడు ఒకే మనిషైతే పెట్టె ఎవరి మాట వినాలి, అన్నాడు.

కమిటీలో ఇంత సూటి ప్రశ్న ఇంతవరకు రాలేదు. వేలిముద్ర పెట్టె కొన్నాను.

ఫిబ్రవరి 10, ఆదివారం.

బ్రదర్ గ్యారీ భర్తల విధుల మీద ప్రసంగించాడు. ప్రసంగం సాంతం మా బెంచీకేసే చూశాడు.

ఫిబ్రవరి 12, మంగళవారం.

మొదటి పరీక్ష ఫలితాలు. పిస్టల్ డిక్కీలోనే ఉంచి, దాని స్థానంలో టీవీ రిమోట్‌ను పెట్టెలో పెట్టాం. పడుకునేముందు నేను వేలు పెట్టగానే పచ్చదీపం, మూత రెండూ ఒకేసారి లేచాయి. ఘనవిజయమని నమోదు చేసుకుని పడుకున్నాను.

ఉదయం పెట్టె ఖాళీ. రిమోట్ సెలరీ పక్కన ఉంది.

నిర్ధారణ: మనిషి నిద్రపోయినా వేలు నిద్రపోదు.

రోండా రిమోట్ తుడిచి బల్ల మీద పెట్టింది.

ఫిబ్రవరి 14, గురువారం.

ప్రేమికుల దినం. చాకొలెట్ పెట్టెను కుట్టుగది తలుపు ముందు ఉంచాను. పెట్టె లోపలికి వెళ్లింది. నన్ను రమ్మనలేదు.

ఫిబ్రవరి 16, శనివారం.

వేలిముద్ర పెట్టెను ఇచ్చి అంకెల పెట్టె తెచ్చుకున్నాను. అంకెలు గుర్తుంచుకోవాలంటే బుర్ర పనిచేయాలి, నిద్రలో బుర్ర పనిచేయదు, అన్నది అధ్యక్షుడి వాదన. దీనిపై సభ్యురాలు ఏదో గొణిగింది, అది నాకు వినబడలేదు.

ఎంచిన అంకె ఎవరికీ తెలియకూడదని, లైల్‌ను అటు తిరగమని, 1911 పెట్టుకున్నాను. నా పిస్టల్ నమూనా పేరు అదే. పెట్టె మూశాను. లైల్ ఇటు తిరిగి, నన్ను ఒక్క మాటా అడగకుండా, నాలుగు మీటలు నొక్కి తెరిచాడు.

ఈ కౌంటీలో సగం పెట్టెలు ఆ అంకెకే తెరుచుకుంటాయట. మిగతా సగం జింకల వేట మొదలయ్యే తేదీకి తెరుచుకుంటాయట.

మనసు కొంచెం నొచ్చుకుంది. ఇంటికి వచ్చి మా పెళ్లి తేదీ పెట్టాను. ఇందువల్ల భద్రతకు భద్రత, మంచితనానికి మంచితనం.

ఫిబ్రవరి 17, ఆదివారం. మధ్యాహ్న భోజనం తర్వాత.

మంచితనం ఫలించలేదు.

పెళ్లి తేదీ పెట్టానని నేనే సగర్వంగా ప్రకటించాను. రోండా ముఖం వికసించింది. కుట్టుగది నుంచి వచ్చి మంచం అంచున కూర్చుని, తన చేత్తోనే జూన్ 15 నొక్కింది. ఎర్రదీపం. మళ్లీ నొక్కింది. ఎర్రదీపం. పెట్టె పాడైనట్టుందే, అంది.

పెట్టె పాడవలేదు. నేను జూన్ 8 నొక్కాను. తెరుచుకుంది.

పెళ్లి తేదీ విషయంలో పెట్టెకు, నా భార్యకు అభిప్రాయభేదం ఏర్పడిన మాట వాస్తవం. పెళ్లినాటి చర్చి కరపత్రం తీసి చూశాం. రోండా నెగ్గింది. జూన్ 8 నేను నా మొదటి చేపల పడవ కొన్న రోజు.

ఆమె తిరిగి గదిలోకి వెళ్లింది. తలుపు గడియ పడిన శబ్దం ఇదివరకు ఎప్పుడూ వినలేదు. ఆ తలుపుకు గడియ ఉందనే నాకు తెలియదు.

ఫిబ్రవరి 18, సోమవారం.

రిమోట్ సెలరీ పక్కనే. నిద్రలో కూడా నాకు జూన్ 8 అనే గుర్తుంది.

ఫిబ్రవరి 21, గురువారం.

బ్రదర్ గ్యారీ ఇంటికి వచ్చాడు. టోపీ ఒళ్లో పెట్టుకుని సోఫా అంచున కూర్చున్నాడు. చాలాసేపు వాన గురించి మాట్లాడి, నీళ్ల మీటర్ల గురించి మాట్లాడి, చివరకు గొంతు సవరించుకుని, డ్వైట్, నీ జీవితంలో ఇంకొకరు ఎవరైనా ఉన్నారా, అని అడిగాడు.

ఒక ఫ్రిజ్ ఉంది, అన్నాను.

ఆయన తల పంకించి, నా కోసం దీర్ఘంగా ప్రార్థించాడు. శోధన అనేక రూపాల్లో వస్తుందని ఆ ప్రార్థనలో రెండుసార్లు వచ్చింది.

ఆయన వెళ్లాక వంటింట్లో ఒక్కడినే నిలబడి, ఊరు పంపిన మరో అరటిపండు పుడ్డింగ్ తిన్నాను. రోండా ఉన్న ఇంట్లోనే రోండా లేకపోవడం అనేది ఒక విచిత్రమైన ఏర్పాటు. ఆమె ఒక పాట పదే పదే గొణుగుతూ గుడ్డముక్కలతో క్విల్టు బొంత కుడుతుంది. మునుపు ఆ గొణుగుడు నా చెవి పక్కన ఉండేది, ఆపమనేవాణ్ణి. ఇప్పుడు తలుపు దగ్గర నిలబడితే గాని వినబడదు.

నిలబడ్డాను.

ఫిబ్రవరి 24, ఆదివారం.

మూడవ పెట్టె. చేతిపట్టీ రకం. పట్టీని దూరంగా, స్నానాలగదిలో కొక్కేనికి తగిలించి పడుకుంటే నిద్రలో దాన్ని వెతికే తెలివి ఉండదని కమిటీ అంచనా. మధ్యాహ్నం కునుకులో పరీక్షించాం. రోండా కుర్చీ వేసుకుని, కుట్టు ముందు పెట్టుకుని కాపలా కాసింది.

నేను లేచి, స్నానాలగదికి వెళ్లి, పట్టీ తొడుక్కుని, అద్దంలో జుట్టు దువ్వుకుని, వచ్చి పెట్టె తెరిచానట. మెలకువలో ఉన్నప్పటికంటే చక్కగా దువ్వుకున్నావు, అంది.

ఆ మాట అన్నప్పుడు ఆమె నవ్వబోయింది. నవ్వలేదు. ఎన్ని పెట్టెలు మారుస్తావు డ్వైట్, అంది. ఇంకేదో చెప్పబోయి, నా ముఖం చూసి, సూదిలో దారం ఎక్కించుకుంది.

ఫిబ్రవరి 27, బుధవారం. రాయవలసింది చాలా ఉంది.

ప్రార్థన కూటం నిండుగా ఉంది. మోకాలు నయమైంది. ఆవుకు కొంచెం నయం. రోండా మళ్లీ చేయెత్తి, చెప్పనిది, అంది. హాలంతా ఒక్కసారి నిట్టూర్చింది. వాండా నావైపు తిరిగింది. ఈసారి పాటల పుస్తకం చేతికి అందలేదు.

లేచి నిలబడ్డాను. సభానియమాల ప్రకారం ఒక వివరణ ఇవ్వదలచానని చెప్పాను. బ్రదర్ గ్యారీ పాలిపోయి, ఇక్కడొద్దేమో, అన్నాడు. నేను ఇచ్చాను. నాకు మరొక స్త్రీ లేదు. మద్యం లేదు. నేను నిద్రలో నడుస్తాను. తూటాలున్న పిస్టల్‌తో ఫ్రిజ్‌ను నిర్బంధించాను. ఒకే మనిషిలో మేలుకున్నవాణ్ణి, నిద్రపోయేవాణ్ణి వేరుచేయగల పెట్టె ఈ రాష్ట్రంలో దొరకడం లేదు. నా భార్య కుట్టుగదిలో పడుకుంటున్నది. ఆమె తిరిగి రావాలని నా కోరిక. ఈ కోరికను ప్రార్థన జాబితాలో చేర్చవలసిందిగా కోరుతున్నాను.

కూర్చున్నాను. 

మొదట నవ్వింది ఎవరో తెలియదు. ఆ తర్వాత ఎవరు నవ్వలేదో తెలియదు. తన భర్త నిద్రలో ట్రాక్టర్ నడుపుతాడని, మలుపు తిరిగినప్పుడల్లా తన మీద దుప్పటి ఉండదని వాండా చెప్పింది. పక్కనే ఉన్న ఆయన, మలుపు తిరగక తప్పదు కదా, అన్నాడు. కళ్లు తుడుచుకున్నాక వాండా నన్ను అడిగింది.

"అది సరే గాని డ్వైట్, మీ ఇంట్లో గురి ఎవరిది?"

దీనికి జవాబు ఎవరూ చెప్పనవసరం లేదు. ప్రతి నవంబరులో అగ్నిమాపక దళం వాళ్లు గురి పోటీ పెడతారు. గెలిచినవారికి హామ్, అంటే ఉప్పులో ఊరిన పంది తొడ, ఇస్తారు. మా ఇంట్లో హామ్ కొని ఎన్నో ఏళ్లయింది. ఆ హామ్‌లలో నేను గెలిచినది ఒక్కటీ లేదు. నేను కోసేవాణ్ణి.

మరి పెట్టె ఆ అమ్మాయి వేలికి తెరుచుకుంటే చాలదా, నీ వేలు దేనికి, అంది వాండా.

తుపాకీ ఎప్పుడూ మంచంలో మా నాన్న పడుకునే వైపు ఉండేది. అందుకే నా వైపు ఉండేది. అంతకు మించిన కారణం ఏదైనా ఉందేమోనని నిలబడి వెతికాను. దొరకలేదు. ఇంటిపెద్ద పెట్టె తెరుస్తాడా, పెట్టె తెరిచినవాడు ఇంటిపెద్దా, అని వెనక బెంచీ నుంచి ఎవరో అడిగారు. బ్రదర్ గ్యారీ దాని మీద మరొక ఆదివారం మాట్లాడతానన్నాడు.

నేనే తీర్మానం ప్రవేశపెట్టాను. పెట్టె రోండా వైపు ఉండాలి. రోండా వేళ్లకు మాత్రమే తెరుచుకోవాలి. లైల్ బలపరిచాడు. ఏకగ్రీవంగా ఆమోదించబడినది. ఆవు యజమాని రెండు చేతులూ ఎత్తాడు.

తిరిగి ట్రక్కులో వస్తుంటే రోండా కంకర రోడ్డు మొదలయ్యాక అంది.

"నీ నిద్ర సంగతి ఊరందరికీ చెప్పమని నేనెప్పుడు అడిగాను? నా చెప్పనిది అది కాదు."

మరేది, అన్నాను.

"తుపాకీ నాకివ్వమని. నీతో అంటే చిన్నబోతావని దేవుడితో అన్నాను."

ట్రక్కు పక్కకు తీసి ఆపాను. కారణం దుమ్ము అని చెప్పాను. ఎదురుగా ఏ బండీ రాలేదు, దుమ్మూ లేదు. ఆమె నా టోపీ సరిచేసింది.

మార్చి 2, శనివారం.

రోండా పెట్టె ఎంచుకున్న విధానం ఈ కమిటీ చరిత్రలో శాశ్వతంగా నిలిచిపోదగినది.

ఒక్కొక్క పెట్టెనూ ఎత్తి చూసింది. తేలికగా ఉన్నవాటిని పక్కన పెట్టింది. బరువైనదాన్ని తల ఎత్తుకు లేపి నేలకేసి కొట్టింది. లైల్ కళ్లు మూసుకున్నాడు. పెట్టె నోరు తెరవలేదు. మళ్లీ కొట్టింది. తెరవలేదు. చీకట్లో చేత్తో తడిమితే వేలు పెట్టే చోటు తెలుస్తుందా అని కళ్లు మూసుకుని చూసుకుంది. కూత పెట్టే మీట ఎక్కడుందో అడిగి దాన్ని ఆపేయించింది. మంచం చట్రానికి బిగించడానికి మరలు ఉన్నాయా అని అడిగింది. బ్యాటరీ అయిపోతే ఏమిటి గతి అంది. తాళంచెవి ఉందన్నాడు. దాన్ని అక్కడే మెడలో వేసుకుంది.

ఒక చిక్కు వచ్చింది. క్విల్టుల సూదిపోట్లకు ఆమె చూపుడువేలి గీతలు అరిగిపోయాయి. పెట్టె ఆ వేలిని మనిషి వేలుగా ఒప్పుకోలేదు. బొటనవేలు పెట్టింది. పచ్చదీపం. రెండు చేతుల బొటనవేళ్లూ నమోదు చేయించింది.

నా వేలు కూడా నమోదు చేయమంటారా అని లైల్ అలవాటు కొద్దీ అడిగాడు. వద్దని నేనే చెప్పాను. ఆ మాట నా నోటి నుంచి స్పష్టంగా, గట్టిగా, ఎర గదిలో ఉన్నవాళ్లకు కూడా వినబడేలా వచ్చిందని నమోదు చేయడానికి సంతోషిస్తున్నాను.

పెట్టెను ట్రక్కు దాకా మోసింది నేను.

మార్చి 3, ఆదివారం.

తుది పరీక్షలు.

మెలకువ పరీక్ష: రోండా మంచంలో పడుకుని కళ్లు మూసుకుంది. నేను హాల్లో నిలబడి దొంగ అని అరవాలి. "దొ" అన్నాను. మూత లేచింది. మిగతా అక్షరం అవసరం రాలేదు.

నా వేళ్లు పదీ పెట్టి చూశాం. ఎర్రదీపం పదిసార్లు. ఏ ఎర్రదీపమూ నన్నింత సంతోషపెట్టలేదు.

కునుకు పరీక్ష: లేచి, పెట్టె దగ్గరకు వెళ్లి, ప్రయత్నించి, విఫలుడనై తిరిగివచ్చి పడుకున్నానని సాక్షి ధ్రువీకరించింది. సెలరీ ఒంటరిగా ఉంది.

పిస్టల్ డిక్కీ నుంచి పెట్టెలోకి మారింది. సాయంత్రం తలగడ మారింది. నేను సాయం చేయబోతే, తలగడ నేను మోసుకోగలను, నువ్వు దారి ఇవ్వు, అంది. ఇచ్చాను. కమిటీ తన లక్ష్యాన్ని పరిపూర్ణంగా సాధించినందున రద్దు చేయబడినది.

మార్చి 6, బుధవారం.

ఊరి గిన్నెలన్నీ వాపసు ఇచ్చాం. ఖాళీగా ఇవ్వకూడదు కనుక హామ్ ముక్కలు పెట్టి ఇచ్చాం.

కూటంలో బ్రదర్ గ్యారీ, కృతజ్ఞతలు చెప్పేవారు ఎవరైనా ఉన్నారా, అన్నాడు. రోండా చేయెత్తింది. దేనికమ్మా, అన్నాడు.

చెప్పనిది, అంది. వాండా కూడా వెనక్కి తిరగలేదు.

మార్చి 7, గురువారం. ఉదయం.

రాత్రి నేను లేచి, మంచం చుట్టూ తిరిగి వెళ్లి, పెట్టె మీద వేలు పెట్టాననీ, ఎర్రదీపం వెలగగానే దానికి, "క్షమించండి మేడమ్" అని చెప్పి, వచ్చి పడుకున్నాననీ సాక్షి కథనం. నాకేమీ గుర్తులేదు.

సాక్షి ఇదంతా మా మంచం మీంచే చూసింది.